గిటార్ కేసు రెక్సిన్ ఊడితే ముందు పాత జిగురు సంగతి చూడండి

మీరు రాసింది ఒకసారి చెప్పుకుంటాను, నాకు అర్థమైంది సరేనో కాదో మీకే తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ నాటి ప్లైవుడ్ కేసు. మూత కింది అంచున జానెడు పొడవున నల్ల రెక్సిన్ లేచి, బయటికి వంకర తిరిగింది. వెనక వైపు అరచేయంత బుడగ ఉంది. రెండుసార్లు సూపర్ గ్లూ పెట్టారు, రెండుసార్లూ విరిగి ఊడొచ్చింది. పాత కవరు మొత్తం పీకేసి కొత్తది వేయాలా, లేక దీన్నే అతికించవచ్చా, అతికిస్తే ఏ జిగురుతో అన్నది మీ ప్రశ్న.

పీకకండి. మీరు చెప్పిన కేసు చక్కగా బాగవుతుంది. కొత్త కవరు వేయాలంటే గొళ్ళేలు, కీళ్ళు, పిడి అన్నిటి రివెట్లు తొలిచి తీయాలి, నడుము దగ్గర వంపులో ముడతలు రాకుండా సాగదీయాలి. మొదటిసారి చేసేవాళ్ళు వేసిన కొత్త కవరు కంటే అతికించిన పాత కవరే ఎప్పుడూ బాగుంటుంది. కేసు బాగా పాతదై, గిటారుతో పాటే వచ్చినదైతే ఆ కవరు తీసేస్తే దాని విలువ కూడా పోతుంది.

ఇక ఏ జిగురు వాడాలన్నది. అందరూ మొదట అడిగేది ఇదే. నిజానికి ఇది రెండో ప్రశ్న. ఇప్పుడు లోపల ఏ జిగురు ఉంది, అది ఎక్కడ వదిలేసింది అన్నది మొదటి ప్రశ్న. రెక్సిన్ దానంతట అది ఊడదు. లోపలి జిగురు ఎండి పొడైతేనో, వేడికి మెత్తబడితేనో, చెమ్మ తగిలి ఉబ్బితేనో ఊడుతుంది. ఆ చచ్చిన జిగురు మీద ప్రపంచంలోని ఎంత మంచి జిగురు పూసినా, కొత్తది పాతదాన్ని పట్టుకుంటుంది తప్ప చెక్కని పట్టుకోదు. పాతది ఎప్పుడు రాలితే కొత్తదీ అప్పుడే రాలుతుంది. ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో నేనూ అదే తప్పు చేశాను. ఒకాయన కేసు అంచు ఎత్తి, లోపల తుడిచి, జిగురు నింపి, బిగించి ఇచ్చాను. చూడటానికి అద్దంలా వచ్చింది. నెలన్నర తిరక్కుండా అదే అంచు మళ్ళీ లేచింది. ఈసారి విప్పి చూస్తే నా జిగురు రెక్సిన్‌కి గట్టిగానే అంటుకుని ఉంది, దాని వెనక పాత జిగురు పలకలు పలకలుగా వచ్చేసింది. ఆ తర్వాత పాత జిగురు తీయకుండా ఒక్క కేసు కూడా అతికించలేదు.

కాబట్టి లేచిన అంచుని మెల్లగా, ఎంత సులువుగా వస్తే అంతే వెనక్కి తిప్పి, మంచి వెలుతురులో పట్టుకుని చూడండి. బలవంతంగా ఎక్కువ ఊడదీయొద్దు. రెక్సిన్ అంటే వెనక గుడ్డ, పైన వినైల్ అనే ప్లాస్టిక్ పొర. ముందు చెక్క వైపు చూడండి, తర్వాత కవరు వెనక వైపు. చెక్క మీద జిగురు పొర నున్నగా మెరుస్తూ, అందులో గుడ్డ నేత అచ్చు కనిపిస్తోందంటే గుడ్డ వదిలేసిందన్నమాట. కవరు వెనక సన్నటి చెక్క పీచు అంటుకుని ఉంటే జిగురు తప్పేమీ లేదు, ప్లైవుడ్ పై పొరే చిరిగింది, అక్కడ ఎప్పుడో తడి తగిలి ఉండవచ్చు. కవరు వెనక గుడ్డే లేకుండా నున్నటి ప్లాస్టిక్ కనబడి, గుడ్డ చెక్కకే ఉండిపోతే, వినైల్ తన సొంత గుడ్డ నుంచే విడిపోయింది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

పాత జిగురు ఏ రకమో వేలితో చెప్పేయవచ్చు. తేనె రంగులో, గాజుపెంకులా ఉండి, గోరుతో గీకితే పటికబెల్లంలా పలుకులుగా రాలితే అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే పాతకాలపు వడ్రంగి జిగురు. దాని మీద ఒక చుక్క వేడినీళ్ళు వేసి నిమిషం ఆగి రెండు వేళ్ళ మధ్య రుద్దండి, జారుడుగా మొదలై జిగటగా మారుతుంది, కాస్త వాసన కూడా వస్తుంది. పారదర్శకంగానో లేత పసుపుగానో ఉన్న పొర, నీళ్ళు తగిలిన కాసేపటికి పాలలా తెల్లబడి మెత్తబడితే అది తెల్ల జిగురు, అంటే పివిఎ. గోధుమ రంగులో రబ్బరులా ఉండి, బొటనవేలితో రుద్దితే ఉండలు కడుతూ వస్తే కాంటాక్ట్ సిమెంట్, అదే చెప్పులు అతికించేవాళ్ళు వాడే రబ్బరు జిగురు. దానికి నీళ్ళతో పని జరగదు.

ఇక్కడే ఇంకొకటి. పైకవరు నిజంగా రెక్సినేనా అన్నది కూడా చూసుకోండి. టోలెక్స్ అని పిలిచేదీ ఇదే జాతి, వెనక గుడ్డ, పైన వినైల్. ఇది అంచుల్లో లేస్తుంది, బుడగలు వస్తుంది, బిగుసుకుపోతుంది కానీ పైపొర రాలదు. మీ కేసు మీద పైపొర మాత్రమే సన్నటి పొలుసులుగా రాలి, కింద బట్ట తేలుతోందంటే అది పాలియురెథేన్ పూత ఉన్న కృత్రిమ తోలు. గాలిలోని తేమకి ఆ పూత రసాయనికంగా విరిగిపోతుంది, దాన్ని ఏ జిగురూ కాపాడలేదు. మీరు రాసినదాన్ని బట్టి మీది ఆ రకం కాదు.

సరే, శుభ్రం చేయడం. గిటారు బయటికి తీసి వేరే గదిలో పెట్టండి. వడ్రంగి జిగురైనా తెల్ల జిగురైనా, వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డని దాని మీద అయిదు నిమిషాలు వేసి ఉంచి, మొద్దుబారిన చాకుతో గీకండి. చెక్క తడిసి ముద్దవకూడదు, చెమ్మగిల్లితే చాలు. రెండు మూడు విడతల్లో వచ్చేస్తుంది. తర్వాత ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. రబ్బరు జిగురైతే ముందు వేలితోనే ఉండలుగా దొర్లించి తీయండి, మిగిలిన దాన్ని నాఫ్తా, అంటే సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం, కొద్దిగా గుడ్డకి అద్ది మెత్తబరచి గీకండి. కిటికీలు తెరిచి, నిప్పు, స్టవ్ దగ్గర లేకుండా చూసుకుని చేయండి. అసిటోన్, పెయింట్ థిన్నర్ మాత్రం దరిదాపుల్లోకి రానివ్వకండి, అవి వినైల్‌ని కరిగించి మచ్చ మిగులుస్తాయి.

మీ సూపర్ గ్లూ సంగతి వేరు. అది ఆరితే గాజులా పెళుసవుతుంది. రెక్సిన్ వంగుతుంది, అది వంగదు, అందుకే రెండుసార్లూ విరిగింది. దాన్ని కరిగించడానికి అసిటోన్ కావాలి, అసిటోన్ ఇక్కడ వాడలేం. నేను చేసేది ఏమిటంటే, గట్టిపడ్డ చోట గుడ్డని పటకారుతో మెల్లగా నొక్కుతూ పోతాను. లోపల అది చిట్లిన చప్పుడు చిన్నగా వినిపిస్తుంది. గుడ్డని వేళ్ళతో నలిపితే తెల్లటి పొడిగా రాలిపోతుంది. చెక్క మీద ఉన్నదాన్ని 120 నంబరు గరుకు కాగితంతో రుద్దేయండి. మొత్తం పోవాలని పట్టుబట్టకండి. కవరు మళ్ళీ బట్టలా వంగితే చాలు.

చెక్క పొరలు విడిపోయి ఉంటే ముందు వాటి పని. ప్లైవుడ్ పొరల మధ్యకి సన్నటి అట్టముక్కతో తెల్ల జిగురు తోసి, రెండు వైపులా పాలిథిన్, దాని మీద చెక్కముక్కలు పెట్టి క్లాంపుతో బిగించి ఒక రాత్రి వదిలేయండి. అది గట్టిపడకముందు కవరు జోలికి వెళ్ళొద్దు.

ఇప్పుడు వంకర తిరిగిన అంచు. ఈ పనిలో అసలు మెలకువంతా ఇక్కడే ఉంది. వినైల్‌ని మెత్తగా ఉంచేందుకు కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ళ తరబడి మెల్లగా బయటికి పోతుంది. దాంతో కవరు గట్టిపడి కుంచించుకుపోతుంది. మీరు అంచుని పాత చోటికి లాగితే ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలకపోవచ్చు. అప్పుడు చాలామంది బలంగా లాగి పట్టుకుని అతికిస్తారు. అలా అతికించింది నిలవదు. తెల్ల జిగురైనా రబ్బరు జిగురైనా, రాత్రీ పగలూ లాగుతూనే ఉన్నదాన్ని పట్టుకుని ఉండలేదు, వెంట్రుకవాసి చొప్పున జారుతూ ఒకనాడు వదిలేస్తుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో అయితే ఆ వేడికి జిగురు మెత్తబడి ఒక్కరోజులోనే వదలవచ్చు.

కాబట్టి జిగురు పూయకముందే కవరులోని ఆ లాగుడు పోగొట్టాలి. హెయిర్ డ్రయర్‌ని ఒక బెత్తెడు దూరంలో ఉంచి, ఒకేచోట ఆపకుండా అటూఇటూ తిప్పుతూ వేడి చేయండి. చేయి ఆనిస్తే వేడిగా తగలాలి, చేయి తీసేయాలనిపించేంత వేడి వద్దు. పెయింటు ఊడదీసే హీట్ గన్ వాడొద్దు, రెండు క్షణాల్లో రెక్సిన్ మీది గింజ, అంటే తోలులాంటి ఆ గరుకు అచ్చు, నునుపై మెరుపు మచ్చ పడుతుంది, అది మళ్ళీ పోదు. కవరు మెత్తబడగానే వంకరని వ్యతిరేక దిశలో వేళ్ళతో ఒత్తి, అంచుని చెక్క మీద పరిచి, చల్లారేదాకా అలాగే అదిమి పట్టుకోండి. నాలుగైదు సార్లు ఇలా చేయండి. జిగురు ఏమీ లేకుండానే అంచు దాదాపు తన చోట పడుకుని ఉండే స్థితికి రావాలి. అలా రాకపోతే ఇంకోసారి వేడి చేయండి, తొందరపడి జిగురు డబ్బా తెరవకండి.

ఇంత చేసినా కాస్త ఖాళీ మిగిలితే మిగలనివ్వండి. అక్కడ బయటపడే చెక్కకి ముందే నల్ల పెయింటు సన్నగా వేయండి. రెండు మిల్లీమీటర్ల నల్లటి గీతని ఎవరూ గమనించరు, మళ్ళీ లేచిన అంచు మాత్రం అందరికీ కనబడుతుంది.

జిగురు విషయానికి వద్దాం. కవరు వెనక గుడ్డ ఉండి, కింద ఉత్తి చెక్క ఉండి, దాన్ని గంటల తరబడి అదిమి ఉంచే వీలుంటే నా ఓటు తెల్ల జిగురుకే. దానిలోని నీరు గుడ్డలోకీ చెక్కలోకీ ఇంకిపోతుంది, పట్టు బాగా వస్తుంది. వాసన ఉండదు, వంకర పడితే సర్దుకోవచ్చు, పైకి వచ్చింది తడిగుడ్డతో పోతుంది. అదిమి ఉంచడం కుదరని చోట, లేదా వినైల్ తన గుడ్డ నుంచే విడిపోయిన చోట కాంటాక్ట్ సిమెంట్ వాడాలి. నున్నటి ప్లాస్టిక్ వీపులోకి నీరు ఇంకదు కనుక అక్కడ తెల్ల జిగురు పనికిరాదు. స్ప్రే జిగుర్లలో అట్టలు, ఫోటోలు అతికించే తేలిక రకాన్ని కేసు మీద వాడకండి.

మీ మూత అంచుకి, అది గొళ్ళేలకి దగ్గరగా ఉండి క్లాంపు కూర్చోదు కాబట్టి, కాంటాక్ట్ సిమెంటే చెబుతాను. దీన్ని అందరూ ఒక వైపు పూసి, తడిమీదే నొక్కి, పట్టలేదని తిట్టుకుంటారు. ఇది రెండు వైపులా పూయాల్సిన జిగురు. చెక్కకి పల్చటి పూత, గుడ్డకి పల్చటి పూత. గుడ్డ మొదటి పూతని తాగేస్తుంది, ఆరాక రెండోది వేయండి. పది నుంచి ఇరవై నిమిషాలు ఆగి వేలి కణుపుతో తాకి చూడండి. అంటుకున్నట్టు అనిపించాలి గాని వేలికి రాకూడదు. అప్పటిదాకా రెండూ తగలకుండా మధ్యలో మైనపు కాగితం పెట్టుకోండి. తగిలాయంటే ఇక సర్దడం ఉండదు. లోపలి మూల నుంచి మొదలుపెట్టి, రెండు అంగుళాల చొప్పున కాగితం వెనక్కి లాగుతూ, ఎప్పటికప్పుడు కవరుని లోపలి నుంచి అంచు వైపు అదుముతూ రండి. ఈ జిగురుకి ఎంతసేపు నొక్కామన్నది కాదు, ఎంత గట్టిగా నొక్కామన్నది ముఖ్యం. గుండ్రటి చెంచా వెనక భాగంతో, మధ్యలో గుడ్డ వేసి, బరువంతా పెట్టి రుద్దండి. బాగా ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి, ఆరే జిగురు మీద తేమ చేరి పట్టు తగ్గిపోతుంది.

చిన్న మాటే అయినా చాలామంది మరిచిపోయేది ఒకటి ఉంది. మూత అంచు అతికించేటప్పుడు కేసు మూసి, గొళ్ళేలు వేసి ఉంచండి, మధ్యలో పాలిథిన్ పెట్టుకుని. తెరిచి ఉన్న మూత కాస్త మెలి తిరిగి ఉంటుంది. ఆ స్థితిలో అతికిస్తే, మూసిన మొదటి రోజే ఆ మెలిక సర్దుకుంటూ కొత్త అతుకుని లాగుతుంది. కొన్ని కేసుల్లో ఆ అంచు వెంట సన్నటి గొట్టంలా పైపింగ్ పెట్టి, చెక్కలోంచి కుట్టి ఉంటుంది. దారం తెగిపోయి కవరు లేచి ఉంటే జిగురొక్కటే చాలదు. పాత రంధ్రాల్లోంచే మైనం పట్టించిన పాలియెస్టర్ దారంతో, దారానికి రెండు చివరలా రెండు సూదులు కట్టి, ప్రతి రంధ్రంలోంచీ రెండూ ఎదురెదురుగా దూర్చి కుట్టండి. కొత్త రంధ్రాలు పొడవకండి, ప్లైవుడ్ అంచు చీలుతుంది.

ఇక బుడగ. ముందు గోరుతో చుట్టూ తట్టుతూ పోండి. అతుక్కున్న చోట చెక్క చప్పుడు, విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. ఆ హద్దుని సుద్దముక్కతో గీసుకోండి. కంటికి అరచేయంత కనబడ్డ బుడగ, తట్టి చూస్తే చాలాసార్లు దానికి రెట్టింపు ఉంటుంది. దీనికి కాంటాక్ట్ సిమెంట్ ఎక్కించకండి. మూసి ఉన్న చోట దాని ద్రావకం బయటికి పోలేక వినైల్‌నే ఉబ్బిస్తుంది, రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది. ఇక్కడ తెల్ల జిగురే. కొత్త బ్లేడుతో, రెక్సిన్ మీది గింజల మధ్య సందులో పోయేలా, హద్దు దగ్గర అరంగుళం గాటు పెట్టండి, ఎదురు చివర ఇంకోటి. గింజల మీదుగా అడ్డంగా కోస్తే ఆ గీత ఎప్పటికీ కనబడుతుంది, సందులో కోస్తే అతికించాక మీకే దొరకదు. పెద్దగా శుభ్రం చేయడం ఇక్కడ కుదరదు కాబట్టి, సన్నటి ప్లాస్టిక్ పట్టీ లోపలికి దూర్చి పాత జిగురుని గోకి, గాటు కిందికి ఉండేలా కేసు తిప్పి తట్టండి, వచ్చినంత పొడి వస్తుంది. తర్వాత పదో వంతు నీళ్ళు కలిపిన జిగురుని సూది లేని సిరంజితో ఎక్కించండి. అదే ప్లాస్టిక్ పట్టీతో లోపల పరచండి. వేళ్ళతో అంచుల నుంచి గాటు వైపు ఒత్తుతూ మిగులు జిగురుని బయటికి తెచ్చి వెంటనే తడిగుడ్డతో తుడవండి. జిగురు లోపల మడుగులా మిగిలితే అది ఆరేసరికి వారం పడుతుంది, పైన గుంట కూడా పడుతుంది.

కేసు వీపు కాస్త ఉబ్బెత్తుగా ఉంటే దాని మీద పలక పెట్టి బరువు పెట్టకండి, మధ్యలో ఒక్కచోటే నొక్కుతుంది. గట్టి గుడ్డసంచిలో పొడి ఇసుక పోసి, పాలిథిన్ పరిచి దాని మీద పెట్టండి. ఇసుక ఏ వంపుకైనా ఒదుగుతుంది. కేసు లోపల కూడా ఆ చోట దిండో మడిచిన దుప్పటో ఆసరాగా ఉండాలి. పక్కల వంపులకి పాత సైకిల్ ట్యూబుని పొడుగ్గా కోసి చుట్టూ బిగించి కట్టండి, దానికంటే మంచి బిగింపు నేనింకా చూడలేదు. తెల్ల జిగురుకి ఒక రాత్రి బరువు ఉంచి, మర్నాడంతా ముట్టుకోకుండా వదిలేయండి.

అతికించబోయే ముందు రోజుల్లో రెక్సిన్‌కి మెరుపు పాలిష్ గాని, తోలు నూనె గాని పెట్టకండి. వాటిలోని సిలికాన్ గాని నూనె గాని గుడ్డ అంచుల్లోకి పాకిందంటే ఆ చోట ఏ జిగురూ పట్టదు. మెరుపు కావాలంటే అంతా అయ్యాక చూసుకోవచ్చు, నేనైతే తడిగుడ్డతో ఆపేస్తాను.

మీ గిటారు ఎలాంటిదో మీరు రాయలేదు. పాతకాలపు నైట్రోసెల్యులోజ్ పూత ఉన్నదైతే జాగ్రత్త, ఆ పూతకి జిగురు ఆవిర్లు శత్రువులు, మూసిన కేసులో అవి ఎటూ పోలేవు. పూత మెత్తబడి, లోపలి మఖమలు అచ్చు దాని మీద పడిన గిటారు ఒకటి నా దగ్గరికి వచ్చింది, చూడ్డానికే మనసు ఒప్పలేదు. తెల్ల జిగురొక్కటే వాడితే రెండు రోజులు మూత తెరిచి ఉంచితే చాలు. కాంటాక్ట్ సిమెంట్ వాడితే కనీసం వారం గాలి ఆడనివ్వండి, నైట్రోసెల్యులోజ్ పూత గిటారైతే రెండు వారాలు. ఆ తర్వాత కేసు మూసి ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే తెరుస్తూ ముక్కు పెట్టి చూడండి. జిగురు వాసన ఏ కాస్త తగిలినా గిటారుని ఇంకొన్నాళ్ళు బయటే ఉంచండి.